నాగా లెక్క: అంగన్‌వాడీ ఆయాకు జ్వరమొస్తే...

పాలంపేట పేరు వినగానే చరిత్ర చదివిన వాళ్లకు రామప్ప గుడి గుర్తుకొస్తుంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం అక్కడుంది. 1922లో గులాం యజ్దానీ పాలంపేట గుళ్ల మీద ఒక పుస్తకమే అచ్చు వేశాడు. 2021 జూలై 25న యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. శిఖరానికి వాడిన తేలిక ఇటుకల మీద పరిశోధనలు జరిగాయి. ఆ ఇటుకలకు మట్టి తొక్కిన వాళ్లెవరు, వాళ్లు జబ్బు పడ్డ నాడు వాళ్ల పిల్లల పొట్ట ఎట్లా నిండింది అనే ప్రశ్న మాత్రం మన చరిత్ర పుస్తకాల్లో కనిపించదు. శాసనాలు దాతల పేర్లు చెప్తాయి, దానమిచ్చిన భూముల హద్దులు చెప్తాయి. పని చేసిన మనిషి పనికి రాలేకపోయిన రోజు గురించి చెప్పవు.

అదే పాలంపేట ఉన్న వెంకటాపూర్ మండలం వరంగల్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాలోకి పోయింది. జిల్లా రెండుసార్లు మారింది. అక్కడి ఊళ్లల్లో, గూడేల్లో, తండాల్లో పొద్దుగాలే అంగన్‌వాడీ తలుపు తీసి, ఊడ్చి, నీళ్లు పట్టి, పిల్లల్ని ఇంటింటికీ పోయి తీసుకొచ్చి, పొయ్యి ముట్టించే ఆయా పని పరిస్థితి మాత్రం అంత త్వరగా మారలేదు. ఈ వ్యాసంలో మేము అడుగుతున్న ప్రశ్న చిన్నది. ఊరి పిల్లల్ని సాకే మనిషికే జ్వరమొస్తే ఆ రోజు కూలి ఎవరియ్యాలి? ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే కులం, వెట్టి, చట్టం, రాజ్యం అన్నీ వరుసగా ఎదురొస్తాయి.

మేము మా ఇండ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం వాళ్లం. మా తల్లులు కైకిలికి పోతే మమ్మల్ని సాకింది ముసలమ్మలు, బడి మానేసిన అక్కలు. సాకుడు కూడా ఒక పని అని, దానికి కూలి ఉండాలని ఎవరూ అనుకోలేదు, మేమూ అనుకోలేదు. అందుకే ఈ చరిత్రను దూరం నుంచి చూసి రాయడం మా వల్ల కాదు.

జీతం, నాగా

తెలంగాణ పల్లెల్లో జీతం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చదువుకున్న వాళ్లకు జీతం అంటే నెల మొదట్లో వచ్చే పైసలు. మాల, మాదిగ వాడల్లో మాత్రం జీతం ఉండడమంటే దొర దగ్గరో పటేలు దగ్గరో అప్పు కింద ఏడాది పొడుగునా కట్టుబడి పని చేయడం. ఉగాదికి లెక్క చూసేవాళ్లు. ఆ లెక్కలో ముఖ్యమైన మాట నాగా. పనికి రాని రోజు నాగా. చుట్టం చచ్చిపోతే నాగా, కాలికి దెబ్బ తగిలితే నాగా, జ్వరమొచ్చి లేవలేకపోతే నాగా. నాగాలన్నీ కూడితే అన్ని రోజులు జీతంలో కోతైనా పడాలి, లేదా ఏడాది దాటినంక ఇంకా అన్ని రోజులు పనైనా చేయాలి. అదీ కాకపోతే జబ్బు పడ్డవాని బదులు తమ్ముడో పెండ్లామో కొడుకో పోవాలి. అంటే రోగానికి అయ్యే ఖర్చు మొత్తం రోగి కుటుంబమే మోసింది, యజమాని పని మాత్రం ఒక్క పూట కూడా ఆగలేదు.

ఆడవాళ్ల పనికి ఈ నాగా లెక్క కూడా లేదు. నిజాం కాలపు తెలంగాణలో ఏ కులం ఏ వెట్టి చేయాల్సి వచ్చిందో పుచ్చలపల్లి సుందరయ్య 1972లో అచ్చయిన తెలంగాణ సాయుధ పోరాటం పుస్తకం మొదట్లోనే రాశారు. గడీల్లో బానిసలుగా ఉంచుకున్న ఆడపిల్లల సంగతి కూడా అందులో ఉంది. ఆడబాపలని పిలిచిన ఈ పిల్లలు గడీ పనంతా చేశారు. కాన్పు చేయడం, బొడ్డు కోయడం, పురిటి బట్టలు ఉతకడం, పసిపిల్లకు నీళ్లు పోయడం లాంటివి ఎక్కువగా మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచాయి. నైపుణ్యం లేకుండా జరిగే పని ఒక్కటీ ఇందులో లేదు. అయినా కుల సమాజం వీటిని నైపుణ్యం ఖాతాలో రాయకుండా అంటు, మైల ఖాతాలో రాసింది. మైల పనికి కూలి అడిగే హక్కెక్కడిది? ఇచ్చింది పుచ్చుకోవాలి, అంతే.

ఆయా అనే మాట మన దేశంలోకి పోర్చుగీసు నుంచి వచ్చింది. తెల్లదొరల పిల్లల్ని సాకిన ఆడవాళ్లను అట్లా పిలిచారు. ఓడలో పిల్లల్ని చూసుకోవడానికి లండన్ దాకా తీసుకుపోయి, పని తీరినంక తిరుగు ప్రయాణానికి పైసలియ్యకుండా వదిలేసిన ఆయాల కోసం అక్కడ ఒక ఆశ్రయ గృహం నడవాల్సి వచ్చింది. అది 1900లో హ్యాక్నీ ప్రాంతానికి మారింది. 2022లో ఆ ఇంటి గోడకు స్మారక ఫలకం పెట్టారు. ఆయా పని ఉన్నన్ని రోజులే ఆయా, పని లేని నాడు ఆమె ఎవరికీ ఏమీ కాదు. ఈ సంగతి గడీకీ బంగళాకూ ఒక్కటే.

ఒకే నెలలో రెండు పనులు

1975 అక్టోబరును మన చరిత్రకారులు ఎమర్జెన్సీ కాలంగానే చూస్తారు. మేము ఇంకో కోణంలో చూడమంటున్నాం. ఆ నెల 2వ తేదీన కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని, అంటే ఐసీడీఎస్‌ను, దేశంలో 33 బ్లాకుల్లో మొదలుపెట్టింది. అదే నెల 24న వెట్టి చాకిరీ వ్యవస్థను రద్దు చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. 1976లో అది చట్టమైంది. జీతగాని నాగా లెక్క నేరమని చెప్పిన రాజ్యమే, 22 రోజుల ముందు అంగన్‌వాడీలో హెల్పర్‌ను నెలకు 35 రూపాయలకు పెట్టుకుంది. రోజుకు రూపాయి చిల్లర. పదో తరగతి పాసైన కార్యకర్తకు 150, పాస్ కాని కార్యకర్తకు 100.

ఈ డబ్బుకు పెట్టిన పేరు గౌరవ వేతనం. పేరు చిన్నదే అయినా దాని వెనక పెద్ద లెక్క ఉంది. కూలి అంటే కూలి చట్టాలు వర్తిస్తాయి. జీతం అంటే సర్వీసు రూల్సు, సెలవులు, పింఛను అన్నీ వస్తాయి. గౌరవ వేతనమంటే ఇవేవీ రావు. ఎందుకంటే ఆమె పనిమనిషి కాదు, ఉద్యోగి కాదు, ఊరి మీద ప్రేమతో సేవ చేస్తున్న స్వచ్ఛంద కార్యకర్త. అంగన్‌వాడీ అనే ఆలోచనకు పునాది వేసిన తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945 నుంచి మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, ఆ తర్వాత కోస్‌బాడ్‌లో పని చేశారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే పేదల వాడ ముంగిట్లోకి పోవాలన్నది వాళ్ల ఆలోచన. అది గొప్ప ఆలోచనే. అయితే ఉద్యమంగా కొందరు ఇష్టపడి చేసిన సేవను, రాజ్యం తన పథకంగా లక్షల మంది పేద ఆడవాళ్ల చేత చేయించుకున్నప్పుడు, దాన్ని ఇంకా సేవ అనే పిలవడంలో ఎవరి లాభం ఉంది? తరతరాలుగా గౌరవం దక్కని కులాల ఆడవాళ్లకు ఇక్కడ గౌరవం దొరికింది, కానీ అది కూలికి బదులుగా దొరికింది.

హెల్పర్‌కు కేంద్రం ఇచ్చిన డబ్బు పెరిగిన తీరు చూడండి. 1978లో 50, 1986లో 110, 1992లో 200, 1997లో 260, 2002లో 500, 2008లో 750, 2011లో 1500, 2018 అక్టోబరు నుంచి 2250. మొదటి పాతికేళ్లు దాటినా ఆమె నెల సంపాదన మూడు వందలు దాటలేదు. పదో తరగతి పాసైన కార్యకర్తతో పోలిస్తే మొదట నాలుగో వంతు కంటే తక్కువ, 2011 నుంచి సగం. తెలంగాణ వచ్చినంక 2015లో, 2017లో, 2021లో రాష్ట్రం తన వాటా పెంచింది. 2021 పెంపుతో టీచరుకు 13,650, ఆయాకు 7,800 అయింది. 2017లో కార్యకర్త పేరు టీచరుగా మారింది. ఆయా ఆయాగానే ఉంది.

కార్ఖానా గేటు దగ్గర ఆగిన చట్టం

జబ్బు పడ్డ రోజులకు కూలి ఇవ్వాలన్నది గొంతెమ్మ కోరిక కాదు. జర్మనీలో 1883లోనే దీనికి చట్టముంది. మన దేశంలో ఈ హక్కు చరిత్రను ఎవరి నుంచి మొదలుపెట్టాలో దళిత విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు చర్చకు వచ్చినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారంలో పెద్ద వాటా ప్రభుత్వమే మోయాలని వాదించారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ ఆయన చేతిలో ఉంది. కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారు చేయమని ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌ను నియమించింది ఆ కాలంలోనే, 1943లో. 1944లో ఆయన ఇచ్చిన నివేదికే 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టానికి, అంటే మనం ఈఎస్ఐ అనే దానికి, పునాది. జబ్బు పడ్డ కార్మికునికి వైద్యంతో పాటు పోయిన కూలిలో కొంత భాగం కూడా ఇవ్వాలన్నది ఆ చట్టం సారం. కాలక్రమంలో అది ఏడాదికి 91 రోజుల దాకా, కూలిలో 70 శాతం దాకా పెరిగింది. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతిలోకి ఈ పాత చట్టాన్నీ చేర్చారు.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి, వాటిని మనం కలిపేయకూడదు. మందుల ఖర్చు ఒకటి, పోయిన కూలి ఇంకొకటి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద రోగాలకు ఆసుపత్రి బిల్లు కడుతుంది. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు ఇంట్ల పొయ్యి ఎట్లా వెలగాలో చెప్పదు. ఈఎస్ఐ చట్టం ఆ రెండో సంగతిని కూడా పట్టించుకుంది.

అయితే అదార్కర్ పథకం బట్టల మిల్లులు, ఇంజనీరింగ్, ఖనిజ లోహ పరిశ్రమల కార్మికుల కోసం తయారైంది. చట్టం కార్ఖానా గేటు దగ్గర ఆగింది. 1934లో పెట్టిన వరంగల్ ఆజంజాహీ మిల్లు లాంటి చోట పని చేసేవాళ్లను కార్మికులన్నారు. ఆ మిల్లు చుట్టూ ఉన్న ఊళ్లల్లో నాట్లేసే ఆడవాళ్లు, ఇండ్లల్లో అంట్లు తోమే ఆడవాళ్లు, పిల్లల్ని సాకే ఆడవాళ్లు కార్మికుల లెక్కలోకి రాలేదు. దళిత స్త్రీ శ్రమ ఎక్కడ ఎక్కువగా ఉందో చట్టం సరిగ్గా అక్కడికి రాలేదు. అంబేద్కర్ మొదలుపెట్టిన పనిని గేటు దాటించి వాడల్లోకి తేవాల్సిన బాధ్యత ఆ తర్వాతి ప్రభుత్వాలది. వాళ్లు ఆ పని చేయకపోగా, 1975లో తామే యజమానులై, తామే చట్టానికి బయట ఒక కొత్త కొలువును పుట్టించారు.

జ్వరానికి గడి లేదు

హెల్పర్ పనుల జాబితా ప్రభుత్వ కాగితాల్లోనే ఉంది. వండాలి, వడ్డించాలి, కేంద్రం ఊడ్చాలి, నీళ్లు తేవాలి, చిన్న పిల్లల శుభ్రత చూడాలి, ఇండ్ల నుంచి వాళ్లను తీసుకురావాలి. 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి వచ్చింది. దాంతో గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట నిండు భోజనం వండటం కూడా ఈ పనిలో చేరింది. అంటే ఊళ్లో జలుబు, దగ్గు, విరేచనాలు, తట్టు ఏ పసిపిల్లకు వచ్చినా ఆమె ఒళ్లోకే వస్తాయి. పిల్లల్ని ఎత్తి దించి నడుము పోతుంది. కట్టెల పొయ్యి మీద వండిన చోట కండ్లు, ఊపిరితిత్తులు పోతాయి. చేసే పనే రోగం తెచ్చే పని.

మరి సెలవుల సంగతి? కేంద్ర ప్రభుత్వం చెప్పే లెక్క ప్రకారం ప్రసూతికి 180 రోజులు, ఏడాదికి 20 రోజుల సెలవు. ప్రసూతి సెలవు పోరాడి సాధించుకున్నది, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ జబ్బు సెలవు అనే గడి ఆ లెక్కలో లేదు. పెండ్లి, చావు, పండుగ, పిల్లల చదువు, తన జ్వరం అన్నీ ఆ 20 రోజుల్లోనే సర్దుకోవాలి. నలభై దాటిన ఆయాకు గర్భసంచి ఆపరేషన్ అయితే, డెంగీ వస్తే, కాలు విరిగితే 20 రోజులు ఏ మూలకు సరిపోతాయి?

ఇంకో గడ్డు సంగతి బదులు మనిషి. ఆమె రాకపోయినా పిల్లలకు బువ్వ ఆగొద్దు. అందుకని టీచరే వండుకోవాలి, లేదా ఆయా తన బిడ్డనో కోడలినో పంపాలి, లేదా తన చేతి పైసలతో ఇంకొకామెను పెట్టాలి. మన ఊళ్లల్లో నడుస్తున్న పద్ధతి ఇదే. జీతగాని బదులు తమ్ముడు పోయిన పాత పద్ధతికీ దీనికీ ఉన్న తేడా ఏమిటో చదువరులే చెప్పాలి. 150 నుంచి 400 మంది జనాభా ఉన్న చిన్న వాడలకు, తండాలకు, గూడేలకు ఇచ్చిన మినీ కేంద్రాల్లో అసలు ఆయానే ఉండేది కాదు. చదువు, వంట, ఊడ్పు అన్నీ ఒక్క మనిషే. ఆమెకు జ్వరమొస్తే తలుపుకు తాళమే. తెలంగాణలో 35,700 కేంద్రాల్లో 3,989 మినీ కేంద్రాలుండేవి. 2023 సెప్టెంబరులో వాటిని పెద్ద కేంద్రాలుగా మార్చే ఉత్తర్వు వచ్చింది.

రాజ్యం వీళ్ల రోగాన్ని అసలే గుర్తించలేదని మేము అనడం లేదు. 2004లో ఎల్ఐసీ ద్వారా తెచ్చిన బీమాలో ఆడవాళ్లకు వచ్చే కొన్ని క్యాన్సర్లకు 20 వేల రూపాయలు రాశారు. 2017 జూన్ నుంచి ప్రధానమంత్రి జీవనజ్యోతి కింద చనిపోతే కుటుంబానికి రెండు లక్షలన్నారు. చస్తే ఒక లెక్క ఉంది, క్యాన్సర్‌కు ఒక లెక్క ఉంది. మంచం పట్టి మళ్లీ లేచి పనికొచ్చే మామూలు జ్వరానికి లేదు. ఆయా జీవితంలో ఎక్కువ సార్లు వచ్చేది మాత్రం ఆ జ్వరమే.

ఈ పనికి కులం ఎట్లా అంటుకుందో కూడా చూడాలి. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో అచ్చేసిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో 531 ఊళ్లను చూసింది. బడుల్లో దళిత స్త్రీ వండితే పై కులాల తల్లిదండ్రులు అడ్డుపడటం, ఆమెను తీసేయమనడం అందులో నమోదైంది. అది మధ్యాహ్న భోజనం మీద చేసిన అధ్యయనమే అయినా అంగన్‌వాడీ పొయ్యి కూడా అదే ఊళ్లో ఉంది. ఇట్లాంటి చోట నాలుగు రోజులు మంచం పట్టిన దళిత ఆయా, తన స్థానంలో వచ్చిన ఇంకో కులం మనిషి అక్కడే పాతుకుపోతుందేమోనని భయపడుతుంది. అందుకే జ్వరంతోనే పొయ్యి ముట్టిస్తుంది. జబ్బు సెలవు లేకపోవడం పైసల సంగతి మాత్రమే కాదు, పొయ్యి దగ్గర ఆమె స్థానం సంగతి కూడా.

కోర్టులు, సమ్మెలు

కర్ణాటక రాష్ట్రం, అమీర్‌బీ కేసులో 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ వాళ్లది సివిల్ పోస్టు కాదన్నది. ఇది పథకం కింద పని, నియామకానికి సర్వీసు రూల్సు లేవు, వాళ్లు ఎన్నికల్లో కూడా పోటీ చేయవచ్చు అనేవి అందులో కారణాలు. అదే కోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో, కనీస కూలి కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికి వస్తుందని చెప్పింది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే గౌరవ వేతనమనే మాట ఎంత అవసరమైన అడ్డుతెరో అర్థమవుతుంది. కూలి అంటే 23వ అధికరణం ముందుకొస్తుంది. గౌరవం అంటే రాదు.

ఈ తెరను 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టే కొంత పక్కకు జరిపింది. గుజరాత్‌కు చెందిన మణిబెన్ మగన్‌భాయ్ భరియా కేసులో న్యాయమూర్తులు అజయ్ రస్తోగీ, అభయ్ ఎస్. ఓకా, అంగన్‌వాడీ వాళ్లకు 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పారు. గౌరవ వేతనం కూడా ఆ చట్టం చెప్పే వేతనమే అన్నారు. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చినంక అంగన్‌వాడీలకు చట్టబద్ధ హోదా వచ్చిందన్నారు. అదే 2013లో 45వ భారత కార్మిక సదస్సు కూడా పథకాల్లో పని చేసే వాళ్లను కార్మికులుగా గుర్తించాలని సిఫారసు చేసింది. గ్రాట్యుటీ కోసం వేతనమైన డబ్బు, జ్వరం వచ్చిన నాడు మళ్లీ గౌరవం ఎట్లా అవుతుంది?

కోర్టుల కంటే ఎక్కువ చెప్పింది రోడ్డు. 2023 సెప్టెంబరు 11న తెలంగాణ అంగన్‌వాడీలు సమ్మెకు దిగి అక్టోబరు మొదటి వారం దాకా నిలబడ్డారు. పర్మినెంట్ చేయాలని, 26 వేల కనీస వేతనం, గ్రాట్యుటీ ఇవ్వాలని అడిగారు. ఆ డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది. 2024 జనవరి 6న అక్కడి ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ. సమ్మె చేసిన రోజులు నాగాలయ్యాయి. నాగా అనే మాట పటేలు దస్త్రంలోంచి సర్కారు దస్త్రంలోకి ఎట్లా చేరిందో ఈ ఒక్క ఘటన చాలు.

2023 డిసెంబరులో, పాలంపేట ఉన్న ములుగు నియోజకవర్గం నుంచి గెలిచిన ఆదివాసీ మహిళ సీతక్క రాష్ట్ర మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి అయ్యారు. 2024 జూలైలో పదవీ విరమణ సమయంలో టీచరుకు రెండు లక్షలు, ఆయాకు లక్ష ఇస్తామని ప్రకటించారు. ముసలితనానికి ఒక లెక్క మొదలైంది, మంచిదే. కానీ 65 ఏండ్ల దాకా పని చేయించుకుంటున్నప్పుడు, ఆ మధ్యలో వచ్చే రోగానికి కూడా లెక్క ఉండాలి కదా.

మన ముందున్న పని

మా వాదన ఇది. ఆయాకు జబ్బు సెలవు లేకపోవడం రూల్సు రాసినోళ్లు మరిచిపోయిన చిన్న సంగతి కాదు. సాకుడును పనిగా చూడని కుల సమాజం, ఆ చూపునే తన పథకంలో రాసుకున్న రాజ్యం, రెండూ కలిస్తే వచ్చిన ఫలితం అది. అందువల్ల అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి, 20 రోజుల సెలవుతో సంబంధం లేకుండా, వేతనంతో కూడిన జబ్బు సెలవు. రెండు, ఆ రోజుల్లో వచ్చే బదులు మనిషికి ప్రభుత్వమే కూలి ఇవ్వడం, ఆయా తిరిగొచ్చినంక ఆమె స్థానం ఆమెకే ఉంటుందని రాతపూర్వకంగా చెప్పడం. రెండోది లేకుండా మొదటిది కాగితం మీదే ఉంటుంది. ఎందుకంటే పిల్లలు ఆకలితో ఉంటారని తెలిసిన ఏ ఆయా కూడా ఇంట్లో పడుకోలేదు.

కార్యకర్తలు ఈ డిమాండును వేతనాల డిమాండ్ల చివర పదో నంబరుగా పెట్టొద్దు. ఉపాధ్యాయ సంఘాలకు జబ్బు సెలవు ఉంది. అదే ఆవరణలో పని చేసే ఆయాకు లేదనే సంగతి వాళ్లూ మాట్లాడాలి. విద్యార్థులకు మేము చెప్పేది, రామప్ప చూడటానికి పాలంపేట పోయినప్పుడు శాసనం చదవండి, తప్పు లేదు. ఆ తర్వాత ఊళ్లోకి పోయి అంగన్‌వాడీ ఆయాను అడగండి, పోయినేడు ఎన్ని రోజులు జ్వరంతో వండినవమ్మా, ఎన్ని రోజులు బదులు మనిషికి పైసలు ఇచ్చినవమ్మా అని. ఆమె వేళ్ల మీద లెక్క చెప్తుంది. దాన్ని తేదీలతో సహా రాసుకోండి. జిల్లాలోని ప్రతి ఊరి నుంచి అట్లాంటి లెక్క వస్తే, ప్రభుత్వం ముందు పెట్టడానికి మన దగ్గర ఒక దస్త్రం ఉంటుంది.